మొక్కలకు చెవులుంటాయా అని అడిగిన అధికారులకు ఒక బహిరంగ లేఖ

నగర కాలుష్య నియంత్రణ, పురపాలక, ట్రాఫిక్ విభాగాల అధికారులకు,

నమస్కారం.

నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన టీచర్ని. హైదరాబాద్‌లో ఒక పాత కాలనీలో, మా ఇంటి మిద్దె మీద కూరగాయలు పెంచుకుంటాను. మా వీధిలో నాలాంటి మిద్దె తోటల వాళ్లు ఇంకా ఏడెనిమిది ఇళ్లలో ఉన్నారు. మా కాలనీ పేరు, మా వెనక ఉన్న ఫంక్షన్ హాలు పేరు ఇక్కడ రాయడం లేదు. నగరపు చప్పుడు మా మొక్కల్ని దెబ్బతీస్తోందని నేనిచ్చిన మూడు అర్జీల్లో అవి ఉన్నాయి. ఎవరినీ వీధికెక్కించాలని కాదు ఈ లేఖ.

మొదటి అర్జీకి జవాబే రాలేదు. రెండోది ఆన్‌లైన్‌లో పెట్టాను. నాలుగో రోజు "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. అది చదువుతున్న సమయానికి కూడా వెనక జనరేటర్ మోగుతూనే ఉంది. మూడోసారి నేనే ఆఫీసుకొచ్చాను. అక్కడి అధికారి కుర్చీ వేయించారు, మంచినీళ్లిచ్చారు, మర్యాదగానే మాట్లాడారు. కాగితం చదివి నవ్వారు. "మేడమ్, మీకు నిద్ర పట్టడం లేదంటే అర్థం చేసుకుంటాను. మొక్కలకేమైనా చెవులుంటాయా?" అన్నారు. పక్క సీట్లవాళ్లూ నవ్వారు. ఏం చెప్పాలో తోచక నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక తోచింది. పిల్లలు అడిగే ప్రశ్నకు జవాబు చెప్పకుండా వదిలేసిన అలవాటు నాకు లేదు. అందుకే రాస్తున్నాను.

మొక్కలకు చెవులు లేవు. కానీ కంపనం తెలుస్తుంది. అమెరికాలో మిస్సోరి విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ఒక చిన్న ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. ఆవ కుటుంబానికి చెందిన ఒక చిన్న మొక్క ఆకును గొంగళిపురుగు నములుతున్నప్పుడు పుట్టే కంపనాలను రికార్డు చేశారు. తర్వాత పురుగు లేకుండానే, ఆ కంపనాలను ఇంకో మొక్క ఆకుకు అందించారు. ఆ మొక్క మీద నిజంగా పురుగు పడినప్పుడు, అది తన ఘాటు రసాయనాలను మామూలు మొక్క కంటే ఎక్కువగా తయారు చేసుకుంది. గాలికి ఊగే కంపనాలు ఇస్తే మాత్రం ఆ స్పందన రాలేదు. ఏ కంపనం శత్రువుదో, ఏది గాలిదో దానికి తేడా తెలిసిందన్నమాట. 2019లో ఇజ్రాయెల్ పరిశోధకులు సముద్ర తీరంలో పెరిగే ఒక పసుపు పూల మొక్కకు తేనెటీగ రెక్కల చప్పుడు వినిపించారు. 3 నిమిషాల్లోపే పూదేనెలో చక్కెర శాతం పెరిగింది. ఎక్కువ పౌనఃపున్యం (అంటే సెకనుకు ఎక్కువ కంపనాలు) ఉన్న కీచు శబ్దాలకు పెరగలేదు. తేనెటీగ రెక్కల చప్పుడు తక్కువ పౌనఃపున్యంలో ఉంటుంది. మన రోడ్ల హోరు, జనరేటర్ గురగుర కూడా ఎక్కువగా అక్కడే ఉంటాయి. దీన్నిబట్టి మా బెండపువ్వు లారీని తేనెటీగ అనుకుని మోసపోతోందని నేను అనడం లేదు. ఆ స్థాయి శబ్దం పువ్వుకి తగులుతుంది, అంతే అంటున్నాను.

మొక్కలకు వీణ వినిపిస్తే దిగుబడి రెట్టింపవుతుందని వాట్సాప్‌లో తిరిగే వీడియోలు మా గ్రూపులోనూ వస్తుంటాయి. వాటి గురించి నన్ను అడగొద్దు. నా అర్జీ ఆ బాపతు కాదు.

అసలు నా మాట ఇది. నగరపు చప్పుడు మొక్కను నేరుగా కొట్టేది కొంతే. ఎక్కువగా కొట్టేది మొక్క బతుకుతెరువుని, అంటే దాని దగ్గరికి వచ్చే తుమ్మెదని, పురుగుని, పిట్టని. ఆ దెబ్బ చివరికి తగిలేది ఆ మొక్క మీద ఆధారపడ్డ మామూలు మనుషులకి. మీరు శబ్దాన్ని మనిషి చెవి దగ్గర మాత్రమే కొలుస్తున్నారు. అందులోనూ ఫిర్యాదు చేసిన ముసలివాళ్ల చెవి దగ్గర. కాబట్టి ఆ దెబ్బ మీ రిజిస్టర్లో ఎక్కడా పడదు.

మా దగ్గర జరిగేది ముందు చెబుతాను. ఫంక్షన్ హాలు డీజిల్ జనరేటర్ మా వెనక గోడకి ఆనుకుని ఉంటుంది. దానికి శబ్దం ఆపే డబ్బా ఉంది. కానీ లోపల వేడెక్కుతుందని డబ్బా తలుపులు బార్లా తీసి పెడతారు. ముహూర్తాల రోజుల్లో సాయంత్రం ఏడింటికి మొదలై అర్ధరాత్రి దాకా నడుస్తుంది. ముందువైపు మెయిన్ రోడ్డు జంక్షన్. సిగ్నల్ పచ్చగా మారకముందే వెనక బండి హారన్ కొడుతుంది, దాని వెనకది ఇంకా గట్టిగా కొడుతుంది. పిట్టగోడ దగ్గర శబ్దం కొలిచే నా ఫోన్ యాప్ 78 డెసిబెల్స్ చూపించింది. ఆ యాప్ లెక్క ఎక్కడా చెల్లదని నాకు తెలుసు. అందుకే మీ మీటర్‌తో కొలవమని అడుగుతున్నాను.

చట్టం ఏమంటుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు గానీ, ఈ లేఖ చదివే మిగతావాళ్ల కోసం రాస్తాను. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 మించకూడదు. వ్యాపార ప్రాంతంలో 65, 55. నిశ్శబ్ద ప్రాంతంలో 50, 40. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు. 55కీ 78కీ తేడా 23 మాత్రమే కదా అనుకోకండి. డెసిబెల్ లెక్క మామూలు లెక్క కాదు. 10 పెరిగితే శబ్ద శక్తి 10 రెట్లు, 20 పెరిగితే 100 రెట్లు. పరిమితి కంటే 10 డెసిబెల్స్ దాటితే ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చని, చేస్తే సంబంధిత అధికారి చర్య తీసుకోవాలని ఆ నిబంధనల్లోనే ఉంది.

ఇక నష్టాల సంగతి.

1. పూత ఉంటుంది, కాయ ఉండదు. వంగ, టమాటా పువ్వుల్లో పుప్పొడి బయటికి కనిపించదు. అది గొట్టాల్లాంటి సంచుల లోపల ఉంటుంది, వాటి కొసన సన్నటి రంధ్రాలుంటాయి. ఉప్పు డబ్బాని కదిపితేనే ఉప్పు రాలినట్టు, పువ్వు కంపిస్తేనే పుప్పొడి రాలుతుంది. నల్ల తుమ్మెద పువ్వుని కాళ్లతో గట్టిగా పట్టుకుని, రెక్కలు ఆడించకుండా ఒంటి కండరాలతోనే జుంయ్ అని కంపిస్తుంది. అప్పుడు పుప్పొడి దాని పొట్ట మీద రాలుతుంది. మనకు తేనె ఇచ్చే తేనెటీగలకు ఈ విద్య రాదు. గాలి ఊపుకి కొంత పని జరుగుతుంది, కానీ తుమ్మెద వస్తే కాయ బాగా నిలుస్తుంది. మా మిద్దె మీద ముందు గదివైపు వంగ కుండీల దగ్గరికి తుమ్మెదలు వస్తాయి. జనరేటర్ వైపు కుండీలకు దాదాపు రావు. అక్కడ పొగ ఉంది, వేడి ఉంది, శబ్దం ఉంది. మూడింట్లో దేనిది ఎంత వాటా అని తేల్చే ప్రయోగం నా మిద్దె మీద సాధ్యం కాదు, కాబట్టి దీన్ని రుజువు అనను. జరిగింది చెబుతున్నాను. ఆ వైపు పువ్వులకు నేను పాత ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ ఆనించి పుప్పొడి రాలుస్తుంటాను. మా వారు చూసి, "ఆ జనరేటర్ కంపానికే రాలిపోతుందిలే, నువ్వెందుకు?" అని ఎగతాళి చేశారు. గాలిలో వచ్చే శబ్దానికి అంత బలం ఉండదు. పువ్వుని పట్టుకుని కుదిపితేనే రాలుతుంది. అరవై దాటిన మనిషి ప్రతి ఉదయం పువ్వు పువ్వుకీ బ్రష్ పెట్టుకుంటూ తిరగాలంటే ఎన్నాళ్లు తిరగగలదు? మా వీధిలో ఇద్దరు ఇప్పటికే కాయగూరలు మానేసి క్రోటన్లు పెట్టుకున్నారు.

2. పేనుబంక. మిద్దె తోట వాళ్లకి దీని గురించి చెప్పక్కర్లేదు. ఈ సన్నటి పురుగు చిక్కుడు, మిరప చిగుళ్ల కింద చేరి రసం పీల్చేస్తుంది. దానికి అసలైన మందు అక్షింతల పురుగు, ఎర్రగా నల్లచుక్కలతో ఉండేది. 2018లో అమెరికాలో మిసిసిపి రాష్ట్ర పరిశోధకులు సోయాచిక్కుడు మొక్కలు, పేనుబంక, అక్షింతల పురుగులు మూడింటినీ కలిపి ఒక పరీక్ష చేశారు. రాక్ సంగీతం, నగరపు రణగొణ ధ్వని గట్టిగా వినిపించినప్పుడు అక్షింతల పురుగులు పేనుబంకను తక్కువగా తిన్నాయి. సంగీతం మోగుతూ ఉన్న చోట పేనుబంక పెరిగింది, మొక్కలు చిన్నగా ఉండిపోయాయి. ఇందులో నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. పురుగులేవీ లేకుండా మొక్కకి మాత్రమే అదే సంగీతం వినిపిస్తే మొక్కకి ఏమీ కాలేదు. "మొక్కలకు చెవులుంటాయా?" అన్న ప్రశ్నకి ఇంతకంటే సూటి జవాబు నా దగ్గర లేదు. చెవులు మొక్కకి అక్కర్లేదు, దాని కాపలాదారుకి ఉంటే చాలు. కాపలాదారు పని మానేస్తే మాకు మిగిలేది వేపనూనె, అది చాలకపోతే దుకాణంలో మందు. మందు కొట్టిన కూర తినకూడదనే మేం మిద్దె ఎక్కాం. ఇప్పుడు మిద్దె మీదే మందు కొట్టుకోవాలా?

3. బంతి. దీనికి నేరుగా దెబ్బ తగిలింది. ఇరాన్ పరిశోధకులు 2022లో ప్రచురించిన పని ఇది. టెహ్రాన్ రోడ్డు ట్రాఫిక్ శబ్దాన్ని రికార్డు చేసి, గదిలో పెంచిన బంతి మొక్కలకీ, తోటల్లో ఎర్రగా పూసే సాల్వియా మొక్కలకీ రోజుకి 16 గంటల చొప్పున 15 రోజులు వినిపించారు. పొగ లేదు, దుమ్ము లేదు, శబ్దం మాత్రమే. రెండు మొక్కల్లోనూ ఒత్తిడికి గుర్తయిన రసాయనాలు పెరిగాయి, ఎదుగుదలకు సాయపడే హార్మోన్లు తగ్గాయి, ఎదుగుదల కుంటుపడింది. ఇది రెండు మొక్కల మీద ఒకచోట చేసిన పని. సోయాచిక్కుడుకి ఏమీ కాలేదని ఇప్పుడే చెప్పాను కదా. అన్ని మొక్కలూ ఒకలాగా ఉండవు. కానీ బంతి మనకి చిన్న మొక్క కాదు. బతుకమ్మకి తంగేడు, గునుగు పక్కన బంతి లేకుండా ఏ ఇంట్లో పేరుస్తారు? దసరాకి గుమ్మాలకు, బండ్లకు, షాపు షట్టర్లకు బంతి దండలే. ఆ నారు ఎక్కడ పెరుగుతుంది? నగరంలో ఎన్నో నర్సరీలు రోడ్డు పక్కన ఫుట్‌పాత్‌ని ఆనుకునే ఉన్నాయి. అక్కడ నారు కవర్లు రోజుకి 16 గంటలు కాదు, 24 గంటలూ ఆ హోరులోనే ఉంటాయి. నారు ఎదగకపోతే ఆ నష్టం కుటుంబంతో సహా కవర్లలో మట్టి నింపే మనిషిది. అతను శబ్దం మీద ఎప్పుడూ అర్జీ పెట్టడు. నారు ఎందుకు పీలగా ఉందో అతనికి ఎవరూ చెప్పలేదు కూడా.

4. చెట్లు. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో గ్యాస్ బావుల దగ్గర పగలూ రాత్రీ హోరెత్తే కంప్రెసర్ యంత్రాలు ఉంటాయి. కొన్ని బావుల దగ్గర అవి లేవు. చెట్లు ఒకటే, నేల ఒకటే, తేడా శబ్దంలోనే. 2012లో వచ్చిన ఆ పరిశోధనలో నిశ్శబ్దంగా ఉన్న చోట ఒక రకం పైన్ మొలకలు, హోరున్న చోటికంటే దాదాపు 4 రెట్లు ఎక్కువ కనిపించాయి. అక్కడ ఒక రకం పిట్ట పైన్ గింజల్ని నేలలో దాచుకుంటుంది. దాచి మరిచిపోయిన గింజలే మొలుస్తాయి. హోరున్న చోటికి ఆ పిట్ట రాలేదు, ఎలుకలొచ్చాయి, గింజలు తినేశాయి. అదే చోట తేనెపిట్టలు మాత్రం శబ్దం ఉన్న వైపు ఎక్కువగా వచ్చి పూలకు మేలే చేశాయి. శబ్దం అందర్నీ సమానంగా తరమదు. తట్టుకునేవాళ్లు ఉంటారు, పోయేవాళ్లు పోతారు. మా మిద్దె మీద ఉండిపోయింది పావురాలు. నారు పోస్తే పొద్దున్నకల్లా పీకేస్తాయి. పిగిలిపిట్టలు (బుల్‌బుల్ పిట్టలు) బాగా తగ్గిపోయాయి. వేప పండు తిని గింజని ఎక్కడో పడేసేది ఇలాంటి పిట్టలే. 2015లో మొదలైన హరితహారం పేరుతో ఎన్ని మొక్కలు నాటామో లెక్కలున్నాయి. నాటకుండానే మొలవాల్సిన వేప, రావి, మర్రి ఎన్ని మొలవలేదో లెక్క లేదు. ఇంకో సంగతి. ఆ న్యూ మెక్సికో చోటికే పరిశోధకులు ఏళ్ల తర్వాత మళ్లీ వెళ్లారు. కంప్రెసర్ ఆగిపోయిన చోట కూడా మొలకలు వెంటనే తిరిగి రాలేదు. 2021లో ఆ ఫలితం వచ్చింది. అంటే ఇవాళ హారన్ ఆపితే రేపు వేప మొలవదు. పిట్టల విషయంలో అంత నిరాశ లేదు. 2020 లాక్‌డౌన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రోడ్లు నిశ్శబ్దమైతే అక్కడి ఒక రకం పిచ్చుకలు గొంతు తగ్గించి పాడాయి. అయినా ఆ పాట మునుపటికంటే రెట్టింపు దూరం వినిపించింది. ఆ ఏప్రిల్‌లో మన ఊళ్లోనూ ఎంతోమంది ఫోన్లు పట్టుకుని కోయిల కూతలు రికార్డు చేసుకున్నారు. మీలోనూ కొందరు చేసే ఉంటారు.

5. డివైడర్ల మీద కలుపు తీసే ఆడవాళ్లు. మీ కాంట్రాక్టర్ల కింద పనిచేసేవాళ్లే. మొక్కల మధ్య వంగి, రెండు వైపులా బస్సులు పోతుంటే రోజంతా ఉంటారు. చెవుల్లో పెట్టుకోవడానికి వాళ్లకి దూది కూడా ఇవ్వరు. మొక్క గురించి నన్ను చూసి నవ్వినా నాకు అభ్యంతరం లేదు. వీళ్ల గురించి నవ్వకండి.

6. సాయంత్రం పూలు. బీరపువ్వు పొద్దు వాలాక విచ్చుకుంటుంది, సొరపువ్వూ అంతే. రాత్రి తిరిగే రెక్కల పురుగులు వీటికి పుప్పొడి చేరుస్తాయి. సరిగ్గా అప్పుడే ఫంక్షన్ హాల్లో జనరేటరు, డీజే, గోడ మీద సీరియల్ లైట్లు మొదలవుతాయి. ఇక్కడ నేను నిజాయితీగా ఒక మాట చెప్పాలి. రాత్రి పురుగుల విషయంలో శబ్దం కంటే వెలుగు మీద సాక్ష్యం గట్టిగా ఉంది. స్విట్జర్లాండ్‌లో పచ్చిక మైదానాల్లో వీధిదీపాలు పెట్టి చూస్తే రాత్రి పురుగుల రాక 62 శాతం తగ్గింది, ఒక మొక్కలో కాపు 13 శాతం తగ్గింది. అది 2017 సంగతి. కాబట్టి నా బీరకాయలు పోవడానికి దోషం డీజేదా, లైట్లదా అంటే నేను లైట్లనే ముందు పట్టుకుంటాను. కానీ రెండూ ఒకే గోడ అవతలి నుంచి వస్తున్నాయి.

మీరు చెప్పబోయే జవాబు ఒకటి నాకు తెలుసు, ఇదివరకే విన్నాను. "శబ్దం తగ్గడానికే రోడ్ల వెంట మొక్కలు నాటుతున్నాం కదా మేడమ్" అంటారు. ఒక వరస మొక్కలు శబ్దాన్ని ఆపవు. వినే మనిషికి రోడ్డు కనపడకుండా చేస్తాయి, అందువల్ల కాస్త హాయిగా అనిపిస్తుంది, అంతవరకే. చెప్పుకోదగ్గంత తగ్గాలంటే ఎన్నో మీటర్ల వెడల్పున గుబురుగా, కిందనుంచి పైదాకా ఆకులున్న వనం కావాలి. డివైడర్ మీద మీటరు వెడల్పు మట్టిలో నిలబెట్టిన మొక్క మనకి గోడ కాదు. అదే ఇంకో బాధితురాలు.

ఇక నేను అడిగేవి. ఇందులో కొత్త చట్టం అవసరమైనది ఒక్కటి కూడా లేదు.

ముందుగా కొలవండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011లో మొదలుపెట్టిన శబ్ద పర్యవేక్షణ వ్యవస్థలో 7 నగరాల్లో 70 కేంద్రాలున్నాయి. వాటిలో మన హైదరాబాద్‌వి 10. కోటిమంది నగరానికి పది చోట్ల కొలిస్తే మా వీధి సంగతి ఎలా తెలుస్తుంది? కనీసం ఫిర్యాదు వచ్చిన చోటికి చేతి మీటరుతో మనిషిని పంపండి. ఉదయం పదకొండింటికి కాదు, ముహూర్తం రోజు రాత్రి ఎనిమిదింటికి పంపండి. అంకె రాసి, ఫిర్యాదు చేసినవాళ్ల సంతకం తీసుకోండి. ఆ సంతకం లేకుండా ఏ ఫిర్యాదూ "పరిష్కరించబడింది" అని మూతపడకూడదు. ఈ ఒక్కటి చేసినా మిగతా వాటిని నేను ఇంకో ఏడాది ఆగి అడుగుతాను.

రెండోది పార్కులు. ఆస్పత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం అని నిబంధనల్లో ఉంది. సంబంధిత అధికారి ప్రకటించే ఇతర ప్రాంతాలు కూడా అందులోకి రావచ్చని, ఆ నిబంధనల్లో శబ్ద పరిమితులు ఇచ్చిన పట్టిక కింద రాసి ఉంది. ప్రకటించే అధికారం ప్రభుత్వం చేతిలో ఉంది. పెద్ద పార్కులనూ, నగరం మధ్యలో ఉన్న కాసు బ్రహ్మానంద రెడ్డి జాతీయ ఉద్యానవనం లాంటి అడవి ముక్కలనూ అలా ప్రకటించండి. బోర్డు పెట్టి ఊరుకోకండి. నగరంలో హారన్ కొట్టవద్దు అనే బోర్డు కిందే ఎక్కువ హారన్లు మోగుతాయి.

హారన్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అనవసరంగా హారన్ కొట్టినా, నిశ్శబ్ద ప్రాంతంలో కొట్టినా మొదటిసారి 1,000 రూపాయలు, మళ్లీ కొడితే 2,000 జరిమానా అని 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చారు. హెల్మెట్ లేని ఫొటో మా అబ్బాయికి ఇంటికి వస్తుంది. హారన్ చలానా వచ్చినవాళ్లని నేను ఇంతవరకు చూడలేదు. రాత్రి 10 తర్వాత నివాస ప్రాంతాల్లో అత్యవసరమైతే తప్ప హారనే కొట్టకూడదన్న నిబంధన 2010లోనే వచ్చింది. ప్రైవేటు బస్సుల వాళ్లకి ఈ సంగతి ఎవరైనా చెప్పారా?

జనరేటర్లు. ఫంక్షన్ హాళ్లలో వాడే సైజు డీజిల్ జనరేటర్‌కి, శబ్దం ఆపే డబ్బాతో కలిపి, ఒక మీటరు దూరంలో 75 డెసిబెల్స్ మించకూడదు. ఇది తయారీదారుకి పెట్టిన హద్దు. కొన్నాక తలుపులు తీసి పెడితే ఆ హద్దుకి అర్థం ఏముంది? ఫంక్షన్ హాళ్ల లైసెన్సు రెన్యువల్‌కి ముందు, జనరేటర్ నడుస్తుండగా ప్రహరీ గోడ దగ్గర శబ్దం కొలిచిన కాగితం తప్పనిసరి చేయండి. గాలి ఆడే ఏర్పాటు డబ్బా లోపలే చేసుకోమనండి, తలుపు తీయడం ద్వారా కాదు. హాలు యజమానితో నేనూ మాట్లాడాను. మనిషి మంచివాడే. "ఎవరూ అడగలేదమ్మా, అడిగితే చేయిస్తాం" అన్నాడు. ఆయన మాట నిజమే. అడగాల్సింది నేను కాదు, మీరు.

లౌడ్‌స్పీకర్ల మీద నేను పేజీలు నింపను. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట వాటి నిషేధం గురించి సుప్రీంకోర్టు 2005 జులైలోనే గట్టిగా చెప్పింది. ప్రశాంతంగా బతకడం జీవించే హక్కులో భాగమని కూడా అదే తీర్పులో ఉంది. మా ఇంట్లోనూ పెళ్లిళ్లయ్యాయి, మేమూ బ్యాండు పెట్టించాం. పెళ్లి వద్దనడం లేదు, పదింటికి ఆపమంటున్నాను.

చివరగా ఉద్యానవన శాఖ వారికి ఒక విన్నపం. మిద్దె తోటలు పెట్టమని శిక్షణ ఇచ్చేది మీరే, విత్తనాలిచ్చేది మీరే. ఎండ ఏ వైపు పడుతుంది, నీడ వల ఎంత శాతం కావాలి, నీళ్లు ఎప్పుడు పెట్టాలి, అన్నీ చెబుతారు. రోడ్డు వైపు, జనరేటర్ వైపు ఏం పెట్టాలో కూడా చెప్పండి. నా అనుభవంలో ఆ వైపు తోటకూర, పాలకూర, పుదీనా, కరివేపాకు పెట్టుకుంటే నష్టం తక్కువ. వాటికి పూతతో, తుమ్మెదతో పని లేదు, ఆకు కోసుకుంటాం. పూసి కాయాల్సినవి నిశ్శబ్దంగా ఉన్న వైపు పెట్టాలి. ఇది సర్దుబాటే గానీ పరిష్కారం కాదు. కానీ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు మొదటి ఏడాది పూత రాలిపోతే మళ్లీ మిద్దె ఎక్కరు. మీరు పెట్టిన ఖర్చు అంతటితో పోతుంది.

ఈ లేఖ అందిన ముప్పై రోజుల్లోగా, ఎవరు ఏ తేదీన కొలవడానికి వస్తారో రాతపూర్వకంగా తెలియజేయగలరు. లేకపోతే సమాచార హక్కు చట్టం కింద మా ప్రాంతంలో ఇంతవరకు తీసిన శబ్ద కొలతల కాపీలు అడుగుతాం. వీధిలో ఏడు ఇళ్లవాళ్లం విడివిడిగా అడుగుతాం.

కొలవడానికి వచ్చేవాళ్లకి ఒక సూచన. ఏదైనా ముహూర్తం ఉన్న రోజు సాయంత్రం ఆరింటికే రండి. మెట్లు నిటారుగా ఉంటాయి, నెమ్మదిగా ఎక్కండి. టీ ఇస్తాను. ఆరున్నర ప్రాంతంలో బీరపందిరి మీద పువ్వులు విచ్చుకోవడం మొదలవుతుంది. ఏడింటికి జనరేటర్ వేస్తారు. మీటరు ఆ పందిరి కిందే పెడదాం.

ఇట్లు,
ఒక మిద్దె తోట టీచరు, వీధిలోని మిగతా తోటల వాళ్ల తరఫున కూడా